కొంగు చుట్టుకునే చోట

తెల్లవారి నమాజు కాగానే జైనబ్‌బీ అరుగు మీద చాప పరిచింది. అంచులు చేత్తో సాపుచేసి, గోడకు ఆనుకుని, సందు వైపు చెవి పెట్టి కూర్చుంది. ఆమె ఎదురుచూసేది కళ్లతో కాదు, చెవులతో. చెప్పుల చప్పుడును బట్టి వచ్చేది ఎవరి పిల్లో చెప్పేస్తుంది. ఆవేళ సందులో ఏ చప్పుడూ లేదు. నిన్నా లేదు.

మనవరాలు తస్లీమా వాకిలి ఊడుస్తూ ఖాళీ చాప వంక చూసింది. గార్లలో ఆ వాడ ఆడపిల్లలంతా ఆ చాప మీద కూర్చునే ఖురాన్ నేర్చుకున్నారు. జైనబ్‌బీకి అక్షరం ముక్క రాదు. చెవిన పడ్డది నోట పట్టింది, నోట ఉన్నది పిల్లల చెవిన వేసింది. ఒకప్పుడు తల్లులకు నేర్పింది, ఇప్పుడు వాళ్ల కూతుళ్లకు నేర్పుతోంది. వాడలో ఎవరూ ఆమెను పేరుతో పిలవరు. ఉస్తానీ అంటారు.

"పిల్లలకు జొరాలొచ్చినయేమో," అంది జైనబ్‌బీ.

"అందరికీ ఒక్కసారే వస్తయా దాదీ?"

"కరెంటు లేకపాయె. దోమలు పీక్క తింటున్నయి."

సకల జనుల సమ్మె మొదలైనప్పటి నుంచి బొగ్గుబాయిలు ఆగిపోయాయి, కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు. బడులు, కాలేజీలు మూతబడ్డాయి. తస్లీమా ఇంటర్ పుస్తకాలు అటక మీద దుమ్ము పట్టాయి. కానీ పిల్లలు రాకపోవడానికి దోమలు కారణం కాదని ఆమెకు అనుమానంగా ఉంది. బిందె పట్టుకుని బోరింగు దగ్గరికి పోయింది. అక్కడ నస్రీన్ తల్లి నీళ్లు కొడుతోంది.

"నస్రీన్‌ను ఎందుకు తోలుతలేవు చాచీ?"

నస్రీన్ తల్లి బోరింగు మీదే చూపు నిలిపింది. "ఏమనుకోకు బిడ్డా. శుక్రవారం నమాజ్ అయినంక మొగోళ్లంత కూసోని అనుకున్నరట. చదువు రానోళ్ల కాడ ఖురాన్ నేర్చుకుంటే తప్పులు వడ్తయి, ఆ పాపం తల్లిదండ్రులకే చుట్టుకుంటదని బారీ సార్ చెప్పిండట. ఇగ పిల్లలకు ఆయనే చెప్తడట. మీ అబ్బా గూడ ఉన్నడట గద ఆడ?"

చివరి మాటతో తస్లీమాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బిందె సగం నిండకుండానే ఎత్తుకుని ఇంటికి నడిచింది.

తండ్రి జానీమియా దర్జీ. సమ్మె వచ్చాక పెళ్లిబట్టలు పోయి గులాబీ కండువాలు వచ్చిపడ్డాయి. మిషన్ చుట్టూ గులాబీ రంగు కుప్ప. తల్లి పత్తి ఏరడానికి పోయిన రోజుల్లో కండువాలకు అంచులు మడతపెట్టి ఇచ్చే పని తస్లీమాది.

"శుక్రవారం మీటింగుల నువ్వున్నవా అబ్బా?"

మిషన్ ఆగలేదు. "ఉన్న."

"దాదీ సంగతి మాట్లాడినప్పుడు ఉన్నవా?"

"ఉన్ననంటున్న గద."

"ఏమన్నవు మరి?"

జానీమియా కండువా తిప్పి రెండో అంచు సూది కింద పెట్టాడు. "గంత చదువుకున్నోడు జెప్తుంటే నడుమల నేనేమంట? ఆ దారపుండ అందియ్యి."

ఆమె అందించింది. అందిస్తుంటే తన చేతి మీద తనకే కోపం వచ్చింది. ఊరు ఊరంతా రోడ్డెక్కి మా యాస మాది, మా చరిత్ర మాది అని గొంతులు చించుకుంటోంది. ఆ గొంతులకు కండువాలు కుట్టే మనిషి కన్నతల్లి కోసం ఒక్క మాట ఎత్తలేదు. అనాలని నోటిదాకా వచ్చింది. తస్లీమాకు మాటలన్నీ నోటిదాకానే వస్తాయి.

బయట జైనబ్‌బీ చాప చుట్టి మూలకు నిలబెట్టింది.

అబ్దుల్ బారీ ఆ ఊరివాడే. మానుకోటలో చరిత్ర లెక్చరర్. సమ్మెలో ఉన్నాడు కాబట్టి ఊళ్లోనే ఉండి, మసీదు పక్క గదిలో సాయంత్రం పూట ఉపన్యాసాలు పెట్టాడు. ముందు మగవాళ్లు, మధ్యలో పరదా, వెనక ఆడవాళ్లు. ఆ పరదా కుట్టింది జానీమియానే. ఆ సాయంత్రం తస్లీమా తిట్టుకోవడానికే పోయి పరదా పక్కన కూర్చుంది.

తిట్టుకోవడం అంత తేలిక కాలేదు. మనిషి బాగా చెప్తున్నాడు.

"ఖురాన్ పుస్తకంగ ఎప్పుడు కూడిందనే దాని మీద పండితులల్ల పెద్ద వాదన ఉంది," అన్నాడు. "మన ప్రవక్త నబీ ఉన్నప్పుడే అంత రాసిపెట్టిండ్రు, ఒక్కకాడ కుట్టలేదంతే అని కొందరు. కాదు, మొదటి ఖలీఫా అబూబకర్ కాలంల జమచేసిండ్రని ఎక్కువ మంది. యమామా యుద్ధంల ఖురాన్ కంఠస్థం వచ్చినోళ్లు చానమంది సచ్చిపోయిండ్రు. ఇగ వీళ్లు గూడ పోతే ఎట్లని భయపడి, జైద్ అనేటాయనకు పని అప్పజెప్పిండ్రు. ఖర్జూరపు మట్టల మీద, పల్చటి రాళ్ల మీద, జంతువుల భుజపు బొక్కల మీద, మనుషుల గుండెలల్ల ఏడేడ ఉన్నదో అదంత ఏరిండు. ఒక్క సాక్ష్యంతోని దేన్నీ తీసుకోలే. రెండు కావాలన్నడు. రెండంటే ఇద్దరు మనుషులని కొందరంటరు, రాత ఒకటి జ్ఞాపకం ఒకటని ఇంకొందరంటరు."

"మరి మూడో ఖలీఫా ఉస్మాన్ రాయించిండంటరు గద?" ఎవరో అడిగారు.

"అది కాపీలు రాయించి ఊర్లకు పంపుడు. అసలు జమచేసుడే ఆయన కాలంల అయిందనేటోళ్లు గూడ ఉన్నరు. బయటి దేశాల పండితులు కొందరైతే రెండు వందల ఏండ్ల దాక పుస్తకమే లేదన్నరు. తర్వాత యెమెన్‌ల ఒక పాత మసీదు కప్పుల తోలు పత్రాలు బయటపడ్డయి. అవి చూసినంక చానమంది ఆ మాట ఇడిచిపెట్టిండ్రు. వాదన మాత్రం ఒడువలే."

"గిసొంటియన్ని మనకెందుకు సార్?" అన్నాడొక పెద్దాయన గొణుగుతూ.

"ఎందుకంటే రేపు కాలేజీల మన పిల్లలను ఎవలన్న అడిగితే బెల్లంకొట్టిన రాయిలెక్క నిలవడొద్దు."

తస్లీమా తనకు తెలియకుండానే ముందుకు వంగింది. ఇది ఆమెకు ఎవరూ చెప్పని సంగతి. ఖురాన్ మీద వాదన ఉండొచ్చని, దాన్ని ఇంత నింపాదిగా మాట్లాడుకోవచ్చని తెలియదు.

"ఇగ ఆ పత్రాలు," అన్నాడు బారీ, "అబూబకర్ కాడ ఉండె, ఆయన పోయినంక ఉమర్ కాడ ఉండె. ఉమర్ గూడ పోయినంక ఎవరి చేతికి పోయినయి? ఇది జర మనసు పెట్టి ఇనుండ్రి..."

"తస్లీమా!" పరదా అవతల నుంచి తండ్రి గొంతు. "చాయ్ అయిందా బిడ్డా?"

ఆమె లేచింది. వెనక వసారాలో కట్టెల పొయ్యి మీద చాయ్ పొంగుకొచ్చి ఉంది. దేగ్చీ గిన్నెకు పట్టుకోవడానికి ఏమీ లేదు. చున్నీ కొస వేళ్లకు చుట్టుకుని దించింది, వడపోసింది, గ్లాసుల్లో పోసి పళ్లెం తెచ్చి పరదా కింద నుంచి తోసింది. ఒక చెయ్యి వచ్చి పళ్లెం లాక్కుంది. చెయ్యి ఎవరిదో కూడా తెలియదు.

"...కాబట్టి రాతే ఆధారం," అని ముగిస్తున్నాడు బారీ. "నోటిమాటను నమ్ముకుంటే ఏమైతదో యమామా చెప్పనే చెప్పింది. అందుకే ఆడపిల్లల సంగతిల నేను గట్టిగ అనవలసి వచ్చింది. ఉస్తానీ మీద నాకు గౌరవమే. కని గౌరవం వేరు, ఖురాన్ వేరు."

మగవాళ్లు చాయ్ జుర్రుతూ తలలూపారు. తస్లీమా పండ్లు కొరికింది. మనుషుల గుండెల్లోంచి ఏరుకున్నారని చెప్పిన నోటితోనే నోటిమాట నమ్మొద్దంటున్నాడు. చూపిస్తా, అనుకుంది. మా దాదీ నోట ఒక్క తప్పు లేదని పుస్తకం పెట్టి చూపిస్తా.

మర్నాడు పొద్దున గూట్లోంచి ఖురాన్ దించింది. గుడ్డ విప్పి రెహల్ పీట మీద పెట్టింది. మేనత్త ఇంటికి సెలవుల్లో పోయినప్పుడు నేర్చుకున్న అరబ్బీ అక్షరాలు, కూడబలుక్కుంటే చదవగలదు. కింద తెలుగు అర్థం కూడా ఉంది.

"కహఫ్ చదువు దాదీ. నేను పట్టి చూస్త."

"నాకే పరీక్ష పెడుతున్నవా?"

"నీకు గాదు. ఆ సార్‌కు."

జైనబ్‌బీ కళ్లు మూసుకుంది. గొంతు విప్పితే ఆ ముసలి ముఖంలో ఎవరో చిన్నపిల్ల కూర్చున్నట్టు ఉంటుంది. కహఫ్ అంటే గుహ, శుక్రవారాలు చదువుకునే అధ్యాయం; గుహలో పడుకున్న యువకుల కథ అది. ఊరి జనానికి భయపడి గుహలో దాక్కుని, అల్లా దయతో వందల ఏళ్లు నిద్రపోయిన వాళ్లు. తస్లీమా వేలు అక్షరాల మీద నడుస్తోంది, గొంతు ముందు, వేలు వెనక. మొత్తం ఖురాన్‌కు నట్టనడుమ వస్తుందని చెప్పే మాట ఒక్కటే ఎర్ర సిరాలో అచ్చయి ఉంది. దాన్నీ దాటింది. ఒక్క తప్పు లేదు. తస్లీమాకు ఛాతీ పొంగింది.

ఫలానా పని రేపు చేస్తానని ఎన్నడూ అనవద్దు అనే వాక్యం, ఆ ఆయత్, వచ్చింది. అక్కడికి రాగానే జైనబ్‌బీ చెయ్యి కొంగు కొస అందుకుని వేళ్లకు చుట్టుకుంది. తస్లీమా చెయ్యి కూడా చున్నీ అందుకుంది. ఆ చోట అలా చుట్టుకోవడం అదబ్, ఖురాన్‌కు ఇచ్చే మర్యాద అని వాడలో ఆడపిల్లలంతా నమ్ముతారు. ముగ్గురు పిల్లల తల్లి అయిన నస్రీన్ తల్లి కూడా ఇప్పటికీ చుట్టుకుంటుంది.

వేలు కింది వరుసలోకి దిగింది. గొంతు అక్కడ లేదు. దాని కింది ఆయత్‌లో ఉంది, గుహలో వాళ్లు మూడు వందల తొమ్మిదేళ్లు ఉన్నారనే చోట.

"ఆగు దాదీ. జర మళ్ల చదువు."

మళ్లీ చదివింది. మళ్లీ కొంగు, మళ్లీ మూడు వందల తొమ్మిదేళ్లు. మధ్యలో ఒక నిండు ఆయత్ లేదు. తస్లీమా తెలుగు అర్థం చూసింది. రేపు చేస్తానని అనేటప్పుడు అల్లా తలిస్తే అని చేర్చాలనీ, మరిచిపోతే ఆయన్ను తలుచుకోవాలనీ చెప్పే ఆయత్. దాదీ నోట మాటకు ముందు ఇన్షా అల్లా, మాటకు వెనక ఇన్షా అల్లా. ఆ మాట పుట్టిన ఆయతే ఆమెకు రాదు.

తనకూ రాదు. ప్రతి శుక్రవారం చదువుతూ తనూ దాని మీంచి దాటి పోతోంది. వాడ వాడంతా దాటి పోతోంది.

"ఏమైంది? తప్పుందా?"

"ఏం లేదు," అంది తస్లీమా పుస్తకం మూసి. బారీ సార్ అన్నదే నిజమైంది. ఆమెను కాల్చుతోంది అదే.

మధ్యాహ్నం స్టేషన్ రోడ్డు మీద వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి ఊరంతా అక్కడే వండుకుని తింటున్నారు. ఆడపిల్లలను కూరగాయల దగ్గర కూర్చోబెట్టారు. పక్క తండా నుంచి వచ్చిన మోతీ, తస్లీమా కాలేజీ దోస్తు, కత్తిపీట జరుపుకుని పక్కన చేరింది.

"ఏందే, మొకం గట్ల మాడ్చుకున్నవు? తెలంగాణ ఇయ్యమని ఢిల్లీ నుంచి ఫోనొచ్చిందా?"

తస్లీమా తల వంచుకుని జరిగిందంతా చెప్పింది.

"గందుకు ఏడుస్తున్నవా?"

"ఏడుస్తలే. ఉల్లిగడ్డ."

"నువ్వు కోసేది టమాట."

ఇద్దరూ నవ్వారు. కాసేపటికి మోతీ అంది, "మా తాత పండుగకు ఒక కత జెప్తడు. చిన్నప్పటి సంది ఇంటున్న. రాజు అడివిల తప్పిపోయేదాక తెలుసు. మళ్ల రాజు కొడుకు పెండ్లి తెలుసు. నడుమల ఏమైందో ఇయ్యాల్టిదాక తెల్వది."

"ఎందుకు?"

"రాజు తప్పిపోంగనే మా యాడి పొయ్యికాడి నుంచి కేకేస్తది, రొట్టెలు గాల్చ రమ్మని. మా తమ్ముండ్లందరికి తెలుసు రాజెట్ల దొరికిండో. తండల ఒక్క ఆడిపిల్లను అడుగు, తెల్వదు. మాకైతే ఆ రాజు ఇంక అడివిలనే ఉన్నడు."

తస్లీమా చేతిలో టమాట సగం కోసి ఆగిపోయింది.

ఇంటికి వచ్చేసరికి జైనబ్‌బీ బియ్యం ఏరుతోంది. తస్లీమా చాట పక్కకు జరిపి ఎదురుగా కూర్చుంది.

"దాదీ, కహఫ్ చదివేటప్పుడు కొంగెందుకు చుట్టుకుంటవు?"

"ఏ కొంగు?"

"మొదలువెట్టు, చూపిస్త."

జైనబ్‌బీ ఆ చోటి నుంచి అందుకుంది. చెయ్యి కొంగు మీదికి పోగానే తస్లీమా పట్టుకుంది. "గిదో."

ముసలామె తన చెయ్యిని తనే కొత్తగా చూసుకుంది. చుట్టిన కొంగు విప్పింది, మళ్లీ చుట్టింది. వేళ్లు దేన్నో ఎత్తబోతున్నట్టు వంగాయి.

"దేగ్చీ," అంది చివరికి.

"ఏంది?"

"మా అన్నకు ఖురాన్ చెప్పెతందుకు హాఫిజ్ సాబ్ ఇంటికి వస్తుండె. ఆడిపిల్లకెందుకన్నరు. నేను వంటింట్ల గోడకు చెవి వెట్టి ఇంటుంటి. ఆ దినం పాఠం ఈడికొచ్చింది. అబ్బా కేకేసిండు, హాఫిజ్ సాబ్‌కు చాయ్ అని. దేగ్చీ కాలుతుండె. కొంగు సుట్టుకున్న." ఆగింది. "చాయ్ ఇచ్చొచ్చే వరకు గుహల మూడొందల తొమ్మిదేండ్లు గడిచిపోయినయి బిడ్డా."

నవ్వింది. తస్లీమాకు నవ్వు రాలేదు. "నవ్వుతవేంది దాదీ! మర్నాడు అడగకపోతివా?"

"ఎవర్ని అడుగుదు? ఇంటున్ననని తెలిస్తే ఆ గోడ గూడ లేకుండ చేద్దురు." జైనబ్‌బీ ముఖంలో నవ్వు ఆరిపోయింది. "పోయిన ఆయత్ ఏందో చెప్పు. ఉన్నదని తెల్వకపాయె ఇన్నేండ్లు."

తస్లీమా అర్థం చదివి చెప్పింది. జైనబ్‌బీ కళ్లు తుడుచుకుని చాట దగ్గరికి లాక్కుంది.

"నేను చదువుత, నేర్చుకో," అంది తస్లీమా.

"సాలది. నువ్వు అచ్చరాలు కూడబలుకుతవు. వచ్చినోళ్ల నోటి నుంచి ఇనాలె. జైద్ రెండు సాక్ష్యాలు అడిగిండని రాత్రి నువ్వే చెప్తివి గద. రాత నీ ఒళ్లె ఉంది. నోరు బారీకి ఉంది."

"ఆయన కాడికా? నీ చాప ఎత్తిపిచ్చినోని కాడికా? నేను రాను."

"రాకు. ఆయత్ ఆయనది గాదు గద."

తస్లీమా రాననే అంది. సాయంత్రం దాదీ చెప్పులు తొడుక్కుంటుంటే తనే చెయ్యి పట్టుకుని నడిపించింది. దారంతా కాలి కింద రాళ్లు తన్నుకుంటూ పోయింది.

పరదా వెనక ఆడవాళ్లు, పిల్లలు జరిగి చోటిచ్చారు. నస్రీన్ తల్లి తల దించుకుంది. బారీ మాట మొదలుపెట్టబోతుంటే జైనబ్‌బీ గొంతు లేచింది.

"బారీ బేటా, నాకొక ఆయత్ రాదు. కహఫ్‌ల. పిల్లలందరికి గూడ గట్లనే చెప్పిన. చెప్పు, నేర్చుకుంట."

గదిలో గుసగుస లేచింది. బారీ ఏ ఆయతని అడిగి, తెలుసుకుని, మగవాళ్ల వైపు తిరిగాడు. "నేనన్నదేంది? ఇన్నరు గద? ఆమె నోటితోనే చెప్తున్నది. ఒకరి తప్పు ఊరి తప్పయింది."

"అవ్ మల్ల," అన్నాడు పెద్దాయన. "ఇగ ఆ చాప ముచ్చట ఒడిసింది."

తస్లీమా పరదా వైపు జరిగింది. మాట నోటిదాకా వచ్చింది. ఈసారి ఆగలేదు.

"సార్. నిన్న ఆ పత్రాలు ఎవరి చేతికి పోయినయో నేను ఇనలే. జర మళ్ల చెప్తరా?"

ఎవరి గొంతో తెలియక బారీ పరదా వంక చూశాడు. పాఠం అడిగితే చెప్పకుండా ఉండలేని మనిషి. "హఫ్సా చేతికి పోయినయమ్మా. ఉమర్ బిడ్డ, నబీ భార్య. ఉస్మాన్ కాపీలు రాయించేటప్పుడు ఆమె ఇంటి నుంచే అడిగి తెప్పించిండు. రాసుడయినంక మళ్ల ఆమెకే పంపిండు." చెప్తూ చెప్తూ గొంతు నెమ్మదించింది. "నిన్న చెప్పిన గద. నువ్వు రాలేదా?"

"వచ్చిన సార్. గా ముక్క కాడికి రాంగనే మీకు చాయ్ తేను లేపిండ్రు." ఊపిరి పీల్చుకుంది. "మా దాదీకి రాని ఆయత్ గూడ గట్లనే పోయింది. గోడ ఎనుక నుంచి ఇనుకుంట ఇంత నేర్చుకున్నది. హాఫిజ్ సాబ్‌కు చాయ్ పోసుడు కాడ గా ఒక్కటి పోయింది. తప్పు నోటిదన్నరు మీరు. చాయ్ అడిగినోళ్ల పేరు ఎవ్వలూ తియ్యలే."

ఎవరో గ్లాసు కింద పెట్టారు. బారీ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు. కుర్చీలోంచి లేచి పరదాకు దగ్గరగా వచ్చి, కింద చాప మీద కూర్చున్నాడు.

"నా ఎంబడి అనుండ్రి ఉస్తానీ," అన్నాడు.

మొదటి ముక్క చెప్పాడు. జైనబ్‌బీ అంది. మళ్లీ చెప్పించుకుంది, మళ్లీ అంది. ఆ తర్వాత పక్కకు తిరిగి నస్రీన్ మోకాలి మీద తట్టింది. "నోరు మూసుకొని కూసుంటివేంది? అందరనుండ్రి. రేపు పొద్దుగాల నాకు ఒప్పజెప్పాలె, ఇన్షా అల్లా."

పిల్లలు తల్లుల వంక చూశారు. నస్రీన్ తల్లి బిడ్డ వీపు మీద చెయ్యేసి ముందుకు తోసింది. "వస్తరు ఉస్తానీ. చాప పరిచి పెట్టు."

బారీ విన్నాడు. కాదనలేదు. రెండో ముక్క అందుకున్నాడు. పిల్లల గొంతులు, తల్లుల గొంతులు కలిశాయి. ఆ చోట చేతులన్నీ అలవాటుగా కొంగుల మీదికి, చున్నీల మీదికి పోయాయి.

"చాయ్ ఏమైందమ్మా?" పెద్దాయన కేకేశాడు.

చేతులు కొసలు చుట్టుకునే ఉన్నాయి. ఎవరూ లేవలేదు. తస్లీమా లేవలేదు. మరోసారి కేక వినిపించింది. పరదా వైపు నుంచి ఆయత్ తప్ప ఏ జవాబూ పోలేదు.

కొంతసేపటికి మగవాళ్లలో ఎవరో లేచిన చప్పుడు, వెనక వసారాలో దేగ్చీ కదిలిన చప్పుడు, చెయ్యి కాలి చప్పరించిన చప్పుడు. తర్వాత గ్లాసుల చప్పుడు. మూడో ముక్క సగంలో ఉండగా పరదా కింద నుంచి ఒక చెయ్యి చాయ్ గ్లాసు ఇవతలికి తోసింది. ఆ చేతికి కుట్టు పడని గులాబీ గుడ్డ చుట్టి ఉంది.

"తస్లీమా," అన్నాడు జానీమియా చిన్నగా. "తీసుకో బిడ్డా, సల్లారుతది."

"సల్లారని అబ్బా," అంది తస్లీమా. "ఆయత్ పూర్తి కానీ."